వెండి పట్టా మీది నీలం

"ముందు ఫొటోలో బూడిదరంగు వస్తువు ఒకటి వెతకండి," అంది రిరిస్. "తెలుపు వద్దు, నలుపు వద్దు. రోడ్డో, సిమెంటో, రాయో ఏదైనా సరే. దాని మీద ఈ ఇంకు ఫిల్లరు బొమ్మ పెట్టి నొక్కండి. ఇది బూడిదరంగు అని కంప్యూటరుకి మీరు చెబుతున్నారన్నమాట. దాన్ని బట్టి మిగతా రంగులన్నీ అదే సర్దుకుంటుంది."

"మనం అబద్ధం చెబితే?" అని అడిగింది నా పక్కన కూర్చున్న బు ముర్యాతి. పెళ్ళయిన ఆడవాళ్ళని మా వైపు 'బు' అంటారు, అమ్మా అన్నట్టు.

"నమ్మేస్తుంది బు. దానికి కళ్ళు లేవు కదా."

"అచ్చం మా ఆయనే," అంది బు ముర్యాతి. హాలంతా నవ్వు.

రిరిస్‌కి కింద వొనోసొబో పట్నంలో ఫొటో స్టూడియో ఉంది. ఆ పిల్లని మా ఊరి పర్యాటక సంఘం పిలిపించింది. ఆ అవసరం తెచ్చిపెట్టింది మేమే. మా దియెంగ్ కొండల మీద సూర్యోదయం చూడటానికి వచ్చేవాళ్ళకి మా వీధిలో దాదాపు అందరం ముందు గదులు అద్దెకిస్తాం. ఎవరి కిటికీలోంచి కనిపించే కొండ ఎక్కువ మెరవాలా అని పోటీపడి, ఫోన్లో దొరికిన రంగులన్నీ పూసి నెట్లో పెట్టేవాళ్ళం. పోయిన సెలవుల్లో జకార్తా నుంచి వచ్చిన ఒకాయన, "ఫొటోలో ఉన్న ఊదా కొండ ఎక్కడండీ?" అని బు ముర్యాతిని నిలదీశాడు. "నిన్నటి వానకి వెలిసిపోయిందండీ," అందట ఈవిడ. ఆయన ఆ మాటని ఉన్నదున్నట్టు నెట్లో రాసిపెట్టి వెళ్ళాడు. అప్పటినుంచీ సంఘంవాళ్ళకి నిద్రలేదు.

ఎవరి ఫొటో వాళ్ళు తెచ్చుకోమన్నారు. నేను తీసినవాటిలో పెరట్లో ఆరేసిన బట్టలు పడనిది ఒక్కటీ లేదు. అందుకని యు పరినా పంపిన ఫొటో తెరిచాను. యు పరినా మా ఆయనకి అక్క, 'యు' అన్నా అక్కనే. కొండకి అవతలి ఊళ్ళో ఉంటుంది. నాలుగైదు నెలల కింద, తన విత్తన దుంపల తోట మంచి ఏపు మీద ఉన్నప్పుడు, పొద్దున్నే తీసి మా కుటుంబం గ్రూపులో పెట్టిన ఫొటో అది. వరసగా బోదెలు, వాటి మీద ముదురాకుపచ్చగా బంగాళాదుంప మొక్కలు, వెనక కొండ, కొండ మీద సన్నటి మేఘం. రంగులు కొంచెం చల్లగా, నీలంగా ఉన్నాయి తప్ప మంచి ఫొటోయే.

బూడిదరంగు కోసం నేను వెతకాల్సిన పనే లేకపోయింది. మా వైపు బోదెల మీద వెండిరంగు ప్లాస్టిక్ పట్టా పరిచి, దానికి చిల్లులు పెట్టి దుంప నాటతాం. ఆకుల సందుల్లోంచీ, బోదెల పక్కలమ్మటా ఆ పట్టా కనిపిస్తూనే ఉంది. నొక్కాను.

తోటంతా ఒక్క క్షణంలో పండిపోయింది. ముదురాకుపచ్చ పోయి, ఆకులన్నీ కామెర్లు వచ్చినవాళ్ళ కళ్ళలా అయ్యాయి.

"అయ్యయ్యో, ఇది రోగిష్టి తోట కదా బు వెనింగ్!" అంది బు ముర్యాతి, నా భుజం మీదుగా వంగి. "ఎవరిది?"

"ఎవరిదో," అన్నాను.

రిరిస్ వచ్చి చూసింది. "దేని మీద నొక్కారు?"

"ఈ పట్టా మీద. ఇది బూడిదరంగేగా."

"బూడిదరంగే." ఆ పిల్ల కాసేపు తెరకేసి చూసింది. "మీరు చేసింది సరిగ్గానే ఉంది బు. అయితే ఈ ఫొటోని ముందే ఎవరో మార్చి ఉంటారు. ఆకుపచ్చ పెంచి, పసుపు అణిచేసి ఉంటారు. ఇప్పుడు అసలుది బయటపడింది." అని, అవతల ఎవరో పిలిస్తే వెళ్ళిపోయింది.

ఆ పిల్లకి అదొక ఫొటో. నాకు మటుకు ఆ తోటలో తవ్విన దుంపలే వచ్చేవారం మా పొలంలోకి రాబోతున్నాయి.

మాకున్నది రెండు మెట్ల పొలం. పై మెట్టులో దుంప ఇంకా పచ్చగా ఉంది. కింది మెట్టు దున్ని, బోదెలు కట్టి, కొత్త పట్టా పరిచి, యు పరినా విత్తనం కోసం ఖాళీగా పెట్టాం. బంగాళాదుంప ఆకు అకారణంగా పసుపు తిరిగితే మా వైపు మొదట వచ్చే మాట నులిపురుగు. కంటికి కనపడని పురుగు, వేరు పట్టుకుని ఉంటుంది. విత్తన దుంపకి అంటుకున్న చిటికెడు మట్టి చాలు, కొత్త పొలంలో కాపురం పెట్టడానికి. ఒకసారి మట్టిలో చేరిందంటే ఏళ్ళ తరబడి కదలదు. మందు కొట్టినా, దున్నినా, ఎండగట్టినా అంతే. పక్క లోయలో ఒక ఊరు ఊరంతా దుంప మానేసింది. అక్కడి మగవాళ్ళు ఇప్పుడు మలాంగ్ వైపు ఇటుక బట్టీలకి పోతున్నారు.

ఇంటికొచ్చి పొయ్యి దగ్గర మా ఆయనకి కాఫీ ఇస్తూ చెప్పాను. ఆయన పేరు తుర్ముది. బిడ్డ పుట్టాక నేను ఆ పేరుతో పిలిచింది లేదు; బిడ్డ తండ్రి అని 'పాక్నే' అంటాను, ఆయన నన్ను బిడ్డ తల్లి అని 'బునే' అంటాడు.

"పాక్నే, మీ అక్క తోట ఆకు పసుపుగా ఉంది."

"ఏ తోట? దుంప తవ్వేసి ఎన్నాళ్ళయింది. ఇప్పుడక్కడ క్యారెట్ వేసింది."

"అదే చెబుతున్నా. తోట లేదు. ఆకు కోసేశారు, దుంప అరల మీదకెక్కింది. దుంపని చూస్తే నున్నగా ఉంటుంది, ఏమీ తెలియదు. ఆ తోట ఎలా ఉండేదో చెప్పడానికి మిగిలింది ఈ ఫొటో ఒక్కటే."

"ఫొటోలో పచ్చగా ఉందిగా."

"సరిచేస్తే పసుపుగా ఉంది."

ఆయన కాఫీ గ్లాసు రెండు చేతులతో పట్టుకుని వేడి తీసుకుంటూ నాకేసి చూశాడు. "నిన్న మొన్న కంప్యూటరు ముట్టుకున్నావు. ఇవాళ మా అక్కని దొంగని చేశావు."

"దొంగ అనలేదు. ఆకు గురించి అన్నాను."

"మొదటిసారి మీ ఇంటికొచ్చినప్పుడు నన్నూ ఇలాగే చూశావు బునే. చెవుల వెనక మట్టుందేమో అని."

"ఉంది కూడా."

నవ్వాడు కానీ మాట మార్చలేదు. "విత్తనం బయటివాళ్ళు వచ్చి అడిగినా, తమ్ముడికే అని ఆపి పెట్టింది మా అక్క. అది మర్చిపోకు."

నేను మర్చిపోలేదు. మర్చిపోకపోవడమే కష్టమైంది. బయటివాళ్ళు వచ్చి అడిగితే ఎందుకు ఇవ్వలేదు? బయటివాళ్ళయితే ప్రశ్నలు వేస్తారు, తమ్ముడయితే వెయ్యడు. యు కూతురు నునింగ్ పట్నంలో పెళ్ళి ఫొటోల దుకాణంలో పనిచేస్తుంది. చామనఛాయ పెళ్ళికూతుళ్ళని పాలమీగడలా చేసేది ఆ పిల్లే. మనుషులనే మార్చగలిగినదానికి ఆకులొక లెక్కా? పోయిననెల వాళ్ళింటికి వెళ్ళినప్పుడు యు మమ్మల్ని ముందు గదిలో కూర్చోబెట్టింది. మా కొండల మీద సొంతవాళ్ళెవరూ ముందు గదిలో కూర్చోరు. తిన్నగా వంటింట్లోకి వెళ్ళి పొయ్యి చుట్టూ చేరతారు. ముందు గది పంచాయతీ గుమాస్తాకి, బ్యాంకువాళ్ళకి. మాకు అక్కడ తెమ్పె, అదే పులియబెట్టిన సోయా ముక్కల వేపుడు, పళ్ళెంలో పెట్టి తెచ్చి ఇచ్చింది. వంటింటి వెనకే దుంపల కొట్టం. ఆ తలుపు దగ్గరగా వేసే ఉంది. ఇంకోటి కూడా. చూడమని తెచ్చి చూపించిన నాలుగు దుంపలకీ రవ్వంత మట్టి లేదు. విత్తన దుంపని ఎవరు శుభ్రం చేస్తారు? మట్టిలో ఏదో ఉంటే తప్ప.

మర్నాడు ఫోన్ చేశాను.

"యు, ఆ తోట ఫొటో ఎప్పుడు తీశారు? పొద్దుటా, సాయంత్రమా?"

"పొద్దున్నే. వేళ్ళు కొంకర్లు పోయే చలి. ఎందుకు?"

"క్లాసులో చూపించాను. బాగుందంటున్నారు. రంగులేమైనా నునింగ్ సరిచేసిందా?"

అవతల కోళ్ళ చప్పుడు వినిపించింది.

"దానికి పెళ్ళికూతుళ్ళ మొహాలకే తీరిక లేదు డిక్. దుంపలకెక్కడ? ఎందుకడుగుతున్నావు?" నన్నెప్పుడూ 'డిక్' అనే పిలుస్తుంది, చెల్లీ అన్నట్టు.

"ఊరికే."

"ఊరికే అడిగే మనిషివి కావు నువ్వు," అని పెట్టేసింది.

కోపమో, భయమో ఆ గొంతు బట్టి పోల్చుకోలేకపోయాను. భయమే అనిపించింది. అప్పుడు నాకు ఏది చూసినా అలాగే అనిపిస్తోంది.

అయితే కాలేజీలో నేర్చుకున్నది ఒకటి నాకింకా పోలేదు. ఒక కొలతని నమ్మాలంటే, జవాబు తెలిసిన చోట దాన్ని ముందు పెట్టి చూడాలి. మా పై మెట్టు తోట నాకు తెలుసు. రోజూ చూసే ఆకు. మర్నాడు ఎండ కొండ దిగకముందే రబ్బరు బూట్లు తొడుక్కుని వెళ్ళి, యు తీసినట్టే బోదెల పొడుగునా ఫొటో తీశాను. పొయ్యిలోంచి బూడిద జల్లించి ఒక పళ్ళెంలో తీసుకెళ్ళి బోదె పక్కన పెట్టాను. క్లాసులో ఆ ఫొటో తెరిచి పట్టా మీద నొక్కాను. మా ఆకులు కూడా పసుపు తిరిగాయి. సరిగ్గా అదే కామెర్ల పసుపు. గంట కింద నా కళ్ళతో పచ్చగా చూసి వచ్చిన ఆకులు.

ఇప్పుడు పళ్ళెంలో బూడిద మీద నొక్కాను. ఆకులు మళ్ళీ ఆకుల్లా అయ్యాయి.

రిరిస్‌ని పిలిచి రెండూ చూపించాను. పట్టాని పెద్దది చేసి చూసి, నుదురు కొట్టుకుంది.

"ఇది బూడిదరంగు కాదు బు. అద్దం! పైన ఆకాశం నీలంగా ఉంటే, పట్టా ఆ నీలాన్ని పట్టుకుంటుంది. నీలంగా ఉన్నదాన్ని మీరు బూడిదరంగు అని చెప్పారు. కంప్యూటరు ఆ నీలాన్ని చంపడానికి ఫొటో అంతా పసుపు పోసింది. నేను చూసుకోవాల్సింది. మా స్టూడియోలో ఈ పట్టాలుండవు కదా."

"చూశావా, అబద్ధం చెబితే నమ్మేసింది," అంది బు ముర్యాతి.

యు ఫొటోని మొదటినుంచీ మళ్ళీ మొదలుపెట్టాను. పొలం గట్టు మీద సిమెంటు నీళ్ళ తొట్టి ఒకటి కనిపించింది. దాని నీడవైపు గోడ మీద నొక్కాను. నీలం తగ్గింది. ఆకులు ఏ వంకా పెట్టలేని పచ్చ. నా గుండెల మీంచి ఎవరో రోలు దించినట్టయింది. ఇక ల్యాప్‌టాప్ మూసెయ్యాల్సింది. నేను అలా మూసే రకం కాదు. మూలమూలా పెద్దది చేసి చూశాను.

కుడివైపు కింద, గట్టుకి దగ్గరగా, ఒక గది మేర ఆకులు పసుపుగా ఉన్నాయి. అక్కడ మాత్రమే. ఫొటో నీలంగా ఉన్నప్పుడు ఆ తేడా మునిగిపోయింది. ఇప్పుడు తేలింది.

నులిపురుగు పొలమంతా ఒకేసారి పట్టదు. ఇలాగే, ఒక మూల, ఒక గది మేర మొదలవుతుంది.

"మచ్చ," అన్నాను మా ఆయనకి చూపిస్తూ.

"మొన్న తోటంతా అన్నావు. ఇవాళ మచ్చ అంటున్నావు. రేపు ఒక ఆకు అంటావు. అలాగే తగ్గించుకుంటూ పో."

"విత్తనం ఎల్లుండి తెస్తానన్నారు కదా. రేపు ఒకసారి వెళ్ళి ఆ మూల చూసి వస్తాను."

"ఏముంది చూడటానికి? క్యారెట్."

"తవ్వగా మిగిలిన దుంపలు మొలిచే ఉంటాయి, ఏ పొలంలోనైనా. వాటి వేళ్ళు చూస్తాను. పురుగుంటే వేళ్ళకి పసుపు పూసలు కనిపిస్తాయి."

ఆయన చాలాసేపు నిప్పు ఎగదోశాడు. "వెళ్ళు. నేను మాత్రం రాను. నువ్వు మా అక్క పొలంలో మొక్కలు పీకుతుంటే పక్కన నిలబడి చూడలేను. ఆమెకి చెప్పి వెళ్ళు."

చెప్పకుండానే వెళ్ళాను. చెబితే ముందే ఎవరైనా వెళ్ళి ఆ మూల శుభ్రం చేస్తారని భయం.

తెల్లవారుతుండగా బండి గట్టు కింద ఆపి పొలంలోకి దిగాను. కొండ నీడలో ఇంకా అంతా నీలంగానే ఉంది. సిమెంటు తొట్టి, వెనక కొండ చూసుకుంటూ, యు ఎక్కడ నిలబడి ఫొటో తీసిందో వెతుక్కుని అక్కడే నిలబడ్డాను. ఫోన్లో సరిచేసిన ఫొటో తెరిచి పట్టుకున్నాను. మచ్చ ఉన్న మూలలో ఇప్పుడు క్యారెట్ ఆకు, మిగతా పొలంలో ఎలా ఉందో అలాగే ఉంది.

అప్పుడు కొండ శిఖరాలు రెండింటి మధ్య సందులోంచి సూర్యుడి మొదటి ముక్క వచ్చింది. పొలమంతా నీడలోనే ఉంది. వెలుగు ఒక్కచోట పడింది. కుడివైపు కింద, గట్టుకి దగ్గరగా, ఒక గది మేర. అక్కడి క్యారెట్ ఆకులు పసుపుగా మెరిశాయి. ఫోన్లో ఉన్న మచ్చకీ, నేల మీద పడ్డ ఎండకీ అంచులు దాదాపు కలిసిపోయాయి.

జబ్బు కాదు, ఎండ. నీడకి సరిపెట్టిన రంగుల్లో ఎండ పసుపుగా కనిపిస్తుంది, అంతే. రిరిస్ అది కూడా చెప్పలేదు. చూస్తుండగానే ఆ వెలుగు వెడల్పై, పొలమంతా పాకింది. మచ్చ పోయింది.

అప్పుడైనా వెనక్కి రావచ్చు. ఇంతదూరం వచ్చాక వేరు చూడకుండా వెళితే, ఇంటికెళ్ళాక మళ్ళీ పురుగు తొలవడం మొదలవుతుంది. దుంపలోది కాదు, నాలోది. ఆ మూలకి వెళ్ళి, క్యారెట్ల మధ్య లేచిన దుంప మొక్క ఒకటి పట్టుకుని మెల్లిగా లాగాను. మట్టి దులిపాను. వేళ్ళు తెల్లగా ఉన్నాయి. ఇంకోటి లాగాను.

"కలుపు తీయడానికి ఇంత దూరం వచ్చావా డిక్? మీ ఊళ్ళో దొరకలేదా?"

గట్టు మీద యు పరినా. తలకి శాలువా, చేతిలో పార. నా చేతిలో మొక్క ఉంది. దాచడానికి చోటు లేదు.

"వేళ్ళు చూస్తున్నాను," అన్నాను.

"అది కనిపిస్తూనే ఉంది. దేనికోసం?"

చెప్పాను. పట్టా, పసుపు, నిన్న మా తోటలో తీసిన ఫొటో, తొట్టి, మచ్చ, ఎండ అన్నీ చెప్పాను.

"నునింగ్ చేత రంగు పూయించాననుకున్నావు."

"అనుకున్నాను."

"ఇంకా?"

"దుంపలకి మట్టి లేదు."

"కుంచె పెట్టి ఒక్కొక్కటీ తుడిచాను కనక లేదు. మట్టితో ఇస్తే నీలాంటి మరదళ్ళు పురుగుందంటారని. ఇంకా?"

అడగకూడదనుకున్నా నోరు ఆగలేదు. "ముందు గదిలో కూర్చోబెట్టారు."

ఆమెకి మొదట అర్థం కాలేదు. అర్థమయ్యాక పార నేలకి ఆనించి నవ్వింది. ఆ నవ్వులో స్నేహం లేదు. "ఆ రోజు మా ఆయన పొయ్యి ముందు మోకాళ్ళకి నూనె పట్టించుకుంటూ కూర్చున్నారు. ఒంటి మీద లుంగీ కూడా సరిగ్గా లేదు. పిలవాల్సిందంటావా లోపలికి?"

నా చేతిలో మొక్క వేళ్ళకేసి చూశాను.

"కానివ్వు. పీకు," అంది. "నేను చూపిస్తే ఏరి చూపించానంటావు. నువ్వే ఎక్కడ కావాలంటే అక్కడ పీకు."

సిగ్గుపడి ఆగిపోతాననుకుందేమో. నేను ఆగలేదు. ఆ మూల, ఈ మూల, తొట్టి పక్కన, నడిమిన, నాకు తోచినచోటల్లా తిరిగి పీకాను. ప్రతి వేరూ వెలుగులోకి ఎత్తి చూశాను. అన్నీ తెలుపు. ఆమె గట్టు మీద కూర్చుని నన్నే చూస్తోంది.

"తృప్తిగా ఉందా?"

"ఉంది యు."

"నాకు లేదు," అంది లేచి. "నా విత్తనం ఈ కొండల్లో మొదటిసారి వేరేవాళ్ళ పొలంలోకి వెళుతోంది. రేపు మీ పొలంలో తోట పసుపు తిరిగితే అందరూ ఎవరి పేరు చెబుతారు? మట్టి మీది. పేరు నాది. మీ మట్టి ఎలాంటిదో నేనూ చూడాలిగా. పద."

"మాదా? మా పై మెట్టు తోట పచ్చగా ఉంది. ఫొటో కూడా..."

"ఫొటో వద్దు."

నా బండి వెనక కూర్చుని, పార ఒళ్ళో పెట్టుకుని వచ్చింది. మా ఆయన పై మెట్టు దగ్గర నీళ్ళ గొట్టం సరిచేస్తున్నాడు. అక్కని చూసి మొహం విప్పారింది.

"యు! విత్తనం ఇవాళే తెచ్చావా?"

"నీ మట్టి చూసి ఇస్తాను."

"బాగుంది. ఇంట్లో పరీక్షలు చేసేవాళ్ళు ఒకరు చాలకనా!"

ఆమె నవ్వలేదు. పచ్చటి తోట మధ్యకి నడిచి, వంగి, ఒక మొక్కని పట్టుకుని కింద పారతో మట్టి వదులు చేసి లాగింది. మా ఆయన "అయ్యో, దానికి దుంప ఊరుతోంది" అన్నాడు. ఆమె వేరు చూసి పక్కన పడేసింది. ఇంకోటి లాగింది. అదీ పడేసింది. మూడోది లాగి, అలాగే పట్టుకుని నిలబడింది. కాలవ దగ్గరికి తీసుకెళ్ళి నీళ్ళలో ఆడించి, అరచేతిలో పరుచుకుంది.

"డిక్, ఇలా రా. నీ కళ్ళు నయం."

వేరు పొడుగునా, గుండుసూది తలంత, లేత బంగారు రంగు పూసలు. ఒకటి కాదు, వరసగా.

"ఇసక రేణువులు," అన్నాడు మా ఆయన.

యు బొటనవేలి గోటితో ఒకదాన్ని నొక్కింది. అది చితికింది. ఇసక చితకదు.

నేను తల ఎత్తి తోట చూశాను. పురుగు కొత్తగా పట్టిందేమో, ఒక్క ఆకు కూడా పసుపు లేదు. నిన్న బూడిద పళ్ళెం పెట్టి నిజమని తేల్చుకున్న పచ్చే.

"ఎలా వచ్చింది?" అన్నాడాయన. "విత్తనం మన సొంతదే కదా. బయటిది ఏదీ తేలేదు. ఎవరూ..." అని ఆగిపోయాడు. ఆయన చూస్తున్నవైపే నేనూ చూశాను. పై మెట్టు గట్టు మీద, సూర్యోదయం ఫొటో తీసుకోవడానికి మా గదుల్లో దిగినవాళ్ళు నడిచి నడిచి నున్నగా చేసిన బాట. ఎక్కడెక్కడి కొండలెక్కి వచ్చిన బూట్లో. ఆ బాట చూపించి పంపేది నేనే.

"విత్తనం ఇవ్వను తమ్ముడూ," అంది యు. గొంతు మెత్తగా ఉంది. "కోపంతో కాదు. కింది మెట్టులో క్యాబేజీ వేసుకో. దుంప మాట ఇప్పట్లో తలచుకోకు."

"కింది మెట్టుకి ఇంకా దిగి ఉండదేమో యు."

"నీళ్ళు ఎటు పారుతున్నాయి?"

ఆయన గొంతుక్కూర్చుని, చితికిన పూసకేసి చూస్తూ ఉండిపోయాడు.

యు కాలవ దగ్గరికి వెళ్ళి పార కడిగింది. బూట్లు విప్పి, పుల్లతో అడుగుల్లో గాళ్ళు గీకి, మళ్ళీ మళ్ళీ కడిగింది. మా పొలం మట్టి గోరంత కూడా తనతో రాకుండా చూసుకుంటోంది. కడుగుతూ కడుగుతూ ఒక్కసారి ఆగింది. చేతులు నీళ్ళలోనే ఉన్నాయి. తల తిప్పి నా కాళ్ళవైపు చూసింది.

"నిన్న ఈ తోటలోనేనా ఫొటో తీశావు?"

"ఇక్కడే."

"ఈ బూట్లతోనేనా?"

"అవును."

"ఇవే వేసుకుని పొద్దున నా పొలమంతా తిరిగావు."

నేను కిందికి చూశాను. రబ్బరు బూట్ల అంచుల్లో నల్లమట్టి ఎండి పొరలు కట్టి ఉంది. ఏది మా మట్టో, ఏది యు మట్టో విడదీయడానికి వీలులేకుండా ఉంది.

"యు, కడుక్కుని బయల్దేరానో లేదో నాకు..."

"కడుక్కోలేదు," అంది. "కడుక్కుని ఉంటే నువ్వు ఖచ్చితంగా చెబుతావు."

బండి మీద దింపుతానన్నాను. తల అడ్డంగా ఊపింది. తడి బూట్లు రెండూ బోర్లించి ఒక చేత్తో, పార ఇంకో చేత్తో పట్టుకుని, ఆ చలిలో ఉత్త కాళ్ళతో రాళ్ళ బాట మీదుగా తారు రోడ్డువైపు దిగిపోయింది. మా మట్టి తగలకుండా, అడుగు ఎక్కడ పడుతోందో ప్రతిసారీ చూసుకుంటూ.